చిటికెడు చర్మం లెక్క

ఎద్దును కొనేటప్పుడు మా నాన్న ముందు పళ్లు చూసేవాడు, తర్వాత అరచేత్తో పక్కటెముకల మీద తడిమేవాడు. కండెంతో కొవ్వెంతో ఆయన వేళ్లకు తెలిసేది. బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగిన పల్నాడు వాళ్లం, బరువైన ఎద్దల్లా బలమైనదని ఎప్పుడూ అనుకోలేదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం కాటా చెప్పిందే నమ్ముతున్నాం.

నరసరావుపేటలో నా దగ్గర కబడ్డీ నేర్చుకునే ఆడపిల్లలకు కాలిపర్‌తో ఒంటి మీద కొన్నిచోట్ల చర్మం మడతలు కొలుస్తాను. ఎప్పుడూ కుడివైపే. జబ్బ వెనకైతే, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్నీ దాని కింది కొవ్వునూ పైకి పట్టుకోవాలి, కండ రాకూడదు. కాలిపర్ బిగిశాక రెండు సెకన్లకు ముల్లు చూడాలి. ఆలస్యమైతే కొవ్వు నొక్కుకుపోయి అంకె తగ్గుతుంది. మొదట్లో ఒకే పిల్లకు ఒకే పూట మూడు రకాల అంకెలు వచ్చేవి. చెయ్యి కుదరడానికి ఏడాది పట్టింది.

ఆ మిల్లీమీటర్లను కొవ్వు శాతంగా మార్చే పట్టికలున్నాయి. నేను వాడను. పేరున్న డర్నిన్, వోమర్‌స్లీ సూత్రాలు 1974లో గ్లాస్గో జనాన్ని కొలిచి కట్టినవి. మన ఒళ్లు వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో వచ్చింది. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు బరువెంతో చెప్పే లెక్క, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ‘సన్నగా ఉన్నాడు, వాడికి షుగరేంటి’ అనుకునే ప్రతి ఇంట్లో ఆ ఫొటో ఉండాలి.

ఒకసారి అందరి ముందూ ఒక పిల్ల అంకె పైకి చదివాను. వారం రోజులు గ్రౌండుకు రాలేదు. ఆ తప్పు నాదే. అప్పటినుంచి నోటుపుస్తకంలో ఎవరి పేజీ వాళ్లకే చూపిస్తాను, పాత నెలల అంకెల పక్కన పెట్టి.

బరువు పెరిగిందని బెంగపడే వాళ్లకు వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి సంగతి చెబుతాను. 1994, 95ల్లో ఆమె 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం గెలిచింది 69 కిలోల విభాగంలో, మొత్తం 240 కిలోలెత్తి.

మాచర్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల మొన్న రెండు కిలోలు పెరిగానని ఏడ్చింది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదట. నోటుపుస్తకం తీశాను. మూడు నెలల్లో మడతల మొత్తం ఆరు మిల్లీమీటర్లు తగ్గింది.

“అంటే పెరిగింది కండేనా టీచర్?”

“చాలావరకు కండేనమ్మా. ముందెళ్లి నీళ్లు తాగు.”