వేదిక ఎవరిది?

పద్యానికి ఉన్నట్లే ఉపన్యాసానికీ వస్తువు ఉంది, రూపం ఉంది, శ్రోత ఉన్నాడు. కనుక విశ్వవిద్యాలయ సభలను కూడా సాహిత్య విమర్శ పరిశీలించాలని నా వాదం. ఈ మూడింటిలో మనం తరచు మరచేది శ్రోతనే.

అనంతపురంలో 1916లో దత్తమండల కళాశాల వెలిసింది. అక్కడి అధ్యాపకులు చిలుకూరి నారాయణరావుగారు 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి 'రాయలసీమ' అనే పేరు ప్రతిపాదించారు. నిజాం కంపెనీకి ధారపోసిన సంగతిని గుర్తుచేసే పాత పేరును విడిచి జనం దీన్ని తమది చేసుకున్నారు. సభలో పలికిన మాటకు అంతకుమించిన సార్థకత ఏముంది?

1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి అంత దూరం కాని నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కళాకారులున్నారు. రాత్రంతా సాగే ఆటను ఏ వేదికైనా అరగంటకు కుదిస్తే, మొదట కోతపడేది జుట్టుపోలిగాడూ బంగారక్కా. మోటుహాస్యమని పండితులు ఈసడించే ఆ పాత్రలే ఊరి సంగతులెత్తి చూసేవాణ్ణి ఆటలోకి లాగుతాయి. అవి పోతే మిగిలేది అలంకారమే.

ఉపన్యాసమూ అంతే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్మి వేరుశనగ వేసే రైతుకు కరువును ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. కరువంతా ప్రకృతిదేనని చెప్పి అప్పునూ, ఎండిన బోరునూ దాటవేసే వక్తను అతడు నిలదీయగలగాలి.

కనుక విద్యార్థులు, అధ్యాపకులు సభను పల్లెకు తీసుకుపోవాలి, తెలుగులో జరపాలి, ప్రశ్నలకు సగం కాలం విడిచిపెట్టాలి, బొమ్మలాటను తెల్లవారేదాకా ఆడనివ్వాలి.