హారతి వేళకు పాటేదీ?

ఈ వారం ఒక గృహప్రవేశానికి వెళ్లాను. పూజ ముగిసింది. పురోహితుడు కర్పూరం వెలిగించి, "ఎవరైనా మంగళహారతి పాడండమ్మా" అన్నారు. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ పక్కనున్న కూతుర్ని మోచేత్తో పొడిచి "నువ్వు పాడవే" అంది. ఇంటర్ చదివే పిల్ల. ఏడేళ్లుగా సంగీతం నేర్చుకుంటోంది, పరీక్ష కూడా పాసైంది. "శ్రుతి లేదమ్మా" అని తల దించుకుంది. ఈలోగా ఎవరో ఫోన్ తీశారు. ప్రకటన అయి పాట మొదలయ్యేసరికి పళ్లెంలో కర్పూరం కొండెక్కింది.

భోజనాల దగ్గర కూడా ఆ బాధ పోలేదు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పోరు తెలిసిందే. సంగీతం నేర్పించడమంటే పిల్లల్ని వేదిక ఎక్కించడమే అనుకుంటున్నాం, ఇంటికి పాట మిగలడం లేదు. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అన్నీ దాటొచ్చిన పిల్లకు ఒక్క హారతి పాట నోటికి రాకపోతే ఎలా అని ఎన్నోసార్లు రాశాను. ఇంటికొచ్చి మళ్లీ అదే రాద్దామని కూర్చున్నాను. మా మేనత్త గుర్తొచ్చింది.

తెనాలిలో ఆవిడ వంటింటి గూట్లో రేడియో ఉండేది. తెల్లవారగానే విజయవాడ కేంద్రం భక్తిరంజని. బాలమురళీకృష్ణ, శ్రీరంగం గోపాలరత్నం మా ఇంటికి ఎన్నడూ రాకపోయినా, వాళ్ల గొంతులు మాకు ఇంట్లోవాళ్ల గొంతులే. అత్త ఏ గురువు దగ్గరా కూర్చోలేదు. రేడియోలో సంగీత శిక్షణ వింటూ, పాత లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో సాహిత్యం రాసుకునేది. అందని మాట దగ్గర గీత గీసి ఖాళీ వదిలేది. ఆ పాట మళ్లీ ఎప్పుడు వస్తే అప్పుడు ఆ ఖాళీ నిండేది. కొన్ని ఖాళీలు వేరే రంగు సిరాతో నిండి ఉండేవి.

ఆవిడ పాటలకు పనులుండేవి. దేవుడి గది తలుపు తీస్తూ భూపాలంలో ఒకటి, చల్ల చిలుకుతూ ఒక దివ్యనామ కీర్తన, మమ్మల్ని పడుకోబెడుతూ నీలాంబరి. ఇది ఆవిడ కనిపెట్టిన పద్ధతి కాదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో పంచరత్నాలు కట్టిన త్యాగయ్యే రాముడి మేలుకొలుపుకి, ఆరగింపుకి, తాంబూలానికి, ఊయలకి, పవ్వళింపుకి ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా కట్టాడు. దివ్యనామాల్లో చరణాలన్నిటికీ ఒకటే వరస పెట్టాడు. ఒకరు అందిస్తే పదిమందీ అనగలరు. తంజావూరు కొలువు వద్దనుకుని తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేసినవాడు, నడుస్తూ పాడాడు, బిచ్చం స్వీకరిస్తూ పాడాడు. 1767 నుంచి 1847 దాకా సాగిన ఆ జీవితంలో పాటకు వేరే గంట కేటాయించిన దాఖలా నాకు కనపడదు.

ఇంతదాకా నా పాత వాదానికి బలమే. కానీ అత్త గురించి ఇంకొకటి చెప్పాలి. కవ్వం తాడు లాగుతూ పాడుతున్నప్పుడు ఎక్కడైనా గాంధారం జారితే తాడు ఆగిపోయేది. ఆ ముక్క మళ్లీ అనేది. కుదరకపోతే మళ్లీ. ఆ చోటు సరిగ్గా పలికాకే కవ్వం తిరిగేది. మేం పిల్లలం తప్పు పాడితే పెరట్లోంచే "జారింది, మళ్లీ అందుకో" అని కేక వినపడేది. చేతులు పనిలో ఉన్నా చెవి షడ్జాన్ని వదిలేది కాదు.

ఇది రాస్తుంటే ఆ పిల్ల మాట వేరుగా వినిపించింది. "శ్రుతి లేదమ్మా" అన్నది సాకు కాదు. ఐదున్నర శ్రుతిలో సాధన చేసిన గొంతు అది. ఆధారం లేకుండా నోరు తెరిస్తే చరణానికొచ్చేసరికి ఎక్కడ తేలుతుందో ఆ గదిలో తెలిసింది ఆమెకొక్కదానికే. అలా ఆగడం మా అత్త చెవి ఉన్నవాళ్లకే వస్తుంది. ఆ చెవిని ఇచ్చింది సంగీతం క్లాసు. ఇక క్లాసును తిట్టడానికి నాకు చెయ్యి రాలేదు.

అత్త పాట రోజూ నలుగురి మధ్యా తిరిగింది. ఈ పిల్ల సాధనంతా గదిలో జరిగింది. "ప్రాక్టీస్ చేసుకుంటోంది, కదిలించొద్దు" అంటూ తలుపు దగ్గరగా వేసింది పెద్దవాళ్లమే. దీపం పెట్టే వేళ పిలిచి పాడమన్నవాళ్లు లేరు. తీరా కొత్త ఇంట్లో, బంధువులందరి ముందు, కర్పూరం వెలిగించాక అడిగాం.

సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇళ్లవాళ్లకు నాదొక మనవి. ఒక దివ్యనామ కీర్తన, ఒక మంగళహారతి నేర్పమని టీచర్‌ను అడగండి. వర్ణం చెప్పినవాళ్లకు అదేమంత పని కాదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు శ్రుతిపెట్టె వేసుకునే పాడనివ్వండి. చరణం దగ్గర మీరూ అందుకోండి. తప్పు పలికితే దిద్దే హక్కు ఆ పిల్లకివ్వండి. ఐదున్నర నాన్న గొంతుకి అందదు, నాన్న శ్రుతికి దిగితే పిల్ల గొంతు పలకదు. ఇంటిల్లిపాదికీ కుదిరే శ్రుతి ఏదో రోజూ పాడుతూ వెతుక్కోవాలి. ఆ పాఠం ఏ పరీక్షలోనూ లేదు, నలుగురూ కలిసి పాడే చోటే వస్తుంది.