తాబేలు చెప్పినట్టే నడిచింది

కంప్యూటర్ తెరమీద చెప్పినట్టు నడుస్తూ గీత గీసే తాబేలుతో సమబాహు త్రిభుజం గీయించమంటే చాలామంది పిల్లలు ఒకే తప్పు చేస్తారు. 100 అడుగులు నడువు, 60 డిగ్రీలు తిరుగు, ఇలా మూడుసార్లు. కోణం 60 అని పుస్తకంలో చదివారు కదా! గీత మాత్రం మూసుకోదు. షడ్భుజిలో సగం గీసి తాబేలు ఆగిపోతుంది.

లెక్కల క్లాసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే. ఎర్ర ఇంటూ పడలేదు, మార్కు పోలేదు. తాబేలు చెప్పినట్టే నడిచింది, అనుకున్న బొమ్మ రాలేదు. ఎక్కడ తేడా వచ్చిందో చూడాలని పిల్లలకే పుడుతుంది. వేలితో గీత వెంట పోతారు. కొందరు లేచి గదిలో తామే నడిచి, మూల దగ్గర ఎంత తిరిగారో చూసుకుంటారు. తిరగాల్సింది లోపలి కోణం కాదు, బాహ్యకోణం: 120. బాహ్యకోణాల మొత్తం 360 అని అంతకుముందు అప్పజెప్పిన పిల్లకి అదేమిటో అప్పుడు ఒంటికి తెలుస్తుంది. ఇంకొకడు 60 మార్చకుండా మూడుసార్లను ఆరుసార్లు చేసి, షడ్భుజి సాధించానని కేకేస్తాడు. వాడిని అస్సలు ఆపకూడదు. అయితే బొత్తిగా తోచక కూర్చున్న పిల్ల పక్కన టీచరు ఉండాలి, "నువ్వే తాబేలువైతే?" అని అడగాలి.

ఈ తాబేలుది లోగో అనే ప్రోగ్రామింగ్ భాష. 1967లో ఫ్యూర్జీగ్, పేపర్ట్, సింథియా సాలమన్ అనే పరిశోధకులు కలిసి చేశారు. ప్రోగ్రాం తప్పా ఒప్పా అని కాదు, దాన్ని సరిచేయగలమా అని చూడాలని పేపర్ట్ 1980లో 'మైండ్‌స్టార్మ్స్' అనే పుస్తకంలో వాదించాడు. ఇప్పుడు పైథాన్‌లోనూ తాబేలు ఉంది.

అలాంటప్పుడు నాలుగు జవాబులిచ్చి, తప్పు నొక్కగానే ఒప్పు చూపించి తర్వాతి ప్రశ్నకు తోసే యాప్‌లను చూస్తే బాధేస్తుంది. పిల్ల ఏమనుకుని అది నొక్కిందో ఎవరూ అడగరు. 52లోంచి 27 తీసి 35 రాసినవాడు లెక్క రానివాడు కాదు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచే చిన్నది తీస్తున్నాడు, అంతే. కాబోయే టీచర్లకు ఇలాంటి ఆలోచనను పసిగట్టడం నేర్పేందుకే బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు 1970లలో 'బగ్గీ' అనే ప్రోగ్రాం రాశారు.

మీ బడికి లెక్కల యాప్ ఎవరైనా అమ్మజూపితే అందులో 52 - 27కి 35 కొట్టి చూడండి. 25 అని చూపించి ఊరుకుంటే కొనకండి. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 ఎలా తీశావని అడిగితే, పిల్లల చేతికివ్వండి.