ఇస్లాము ధర్మములు - మన తెలుగు మాటలు

ఇస్లామును గూర్చి తెలుగున వ్రాయువారిలో బెక్కండ్రు విషయమును సేకరింతురు గాని మాటలను శోధింపరు. ‘మహమ్మదీయ మతము’ అను పేరే చూడుడు. దేవుడొక్కడే యారాధ్యుడు, మహమ్మదు ఆయన ప్రవక్త యనునది యే మతమునకు ప్రథమసూత్రమో, ఆ మతమునకు ప్రవక్త పేరు పెట్టుట సూత్రమును గొట్టివేయుటయే. దైవమునకు విధేయుడగుట యను నర్థమిచ్చు ‘ఇస్లాము’ శబ్దముండగా వేరొక పేరేల?

రోజాను ‘ఉపవాస’మనుట యంత తప్పు గాదు. కాని యేకాదశినాడు పాలు పండ్లు పుచ్చుకొని యుపవాసమున్నామనువారము మనము. రంజానునందు తెల్లవారుజాము మొదలు సూర్యాస్తమయము వరకు మంచినీళ్లైనను ముట్టరాదు. వారి సంవత్సరము సుమారు 354 దినములది. మనవలె నధికమాసమును జేర్చుట లేదు. కావున నీ నెల యేటేట వెనుకకు జరిగి, యొకప్పుడు మాఘపు చలిలోను, మరియొకప్పుడు రోహిణికార్తె యెండలోను వచ్చును. రోగులును బాటసారులును ఆ దినములను దరువాత దీర్చుకొనవచ్చును. ఈ సడలింపును విడిచి కాఠిన్యమును మాత్రమే వర్ణించుట న్యాయము గాదు.

జకాతును ‘దాన’మనుట మరింత పొరపాటు. దానము దాత యిష్టము, జకాతు విధి. నిర్ణీత పరిమితికి మించి యొక సంవత్సరము నిలిచిన ధనములో నలువదవ పాలు, అనగా నూటికి 2½, ఈయవలసినదే. ఎవరికి చెందవలెనో ఖురానే యెనిమిది వర్గములుగా నిర్ణయించినది. మన శాస్త్రములలోని ‘ఋణ’ శబ్దము దీనికి దగ్గర.

అన్నిటికంటె జెడిన మాట ‘హలాలు’. పశువును గోయు విధమునకే యిది పేరని మనవారి నమ్మకము. ‘అనుమతింపబడినది’ యని దాని యర్థము. అన్నము, పప్పు, మామిడిపండు హలాలే. దొంగతూనికతో సంపాదించిన బియ్యము హరాము. ఖురాను రెండవ యధ్యాయమున నిషిద్ధములు చచ్చిన జంతువు, రక్తము, పందిమాంసము, దైవేతరుల పేర గోసినది. మద్యనిషేధము ఐదవ యధ్యాయమున నున్నది. గత్యంతరము లేక, మితిమీరక తిన్నవానికి దోషము లేదని నిషేధము వెంటనే చెప్పబడినది. ఛాందోగ్యమున నుషస్తి చాక్రాయణుడు కరవుకాలమున నన్యుని యెంగిలి కుల్మాషములు తిని, ప్రాణమునకు జాలినంత దొరికినదని యెంగిలి నీటిని నిరాకరించిన కథ చదివినవారికి ఈ ధర్మసూక్ష్మము క్రొత్త గాదు.

చిలుకూరి నారాయణరావుగారి తెలుగు ఖురాను 1930 నాటికే వెలువడియున్నది. అయినను వినికిడిని బట్టి వ్రాయుట మాన్పలేకపోయితిమి. ‘హలాలనగా గొంతు కోయుట’ యని బాలుడు పరీక్షలో వ్రాసినచో, తప్పు దిద్దబోవు నుపాధ్యాయునకు వాడు తన వాచకమునే తెరచి చూపును.