పైన హైడ్రోజన్, కింద ఇంజిన్

ఎయిర్‌షిప్ అనగానే అందరికీ ఆ భారీ సంచే కనిపిస్తుంది. నా కళ్లు మాత్రం దాని కింద వేలాడే ఇంజిన్ మీదికే పోతాయి. పైన మండే గ్యాస్, కింద నిప్పు. బుద్ధున్నవాడు చేసే పనేనా?

1852లో పారిస్‌లో అంరీ జిఫార్ చేశాడు, అదీ ఆవిరి యంత్రంతో. బలం 3 హార్స్‌పవరే. పొగగొట్టాన్ని కిందికి వంచాడు, పొయ్యి చుట్టూ సన్నని తీగ జాలీ కట్టాడు. గాలికి ఎదురెళ్లి తిరిగి రాలేకపోయినా, క్షేమంగా దిగాడు. ఆ వంచిన పొగగొట్టం అంటే నాకు మహా గౌరవం.

పెట్రోల్ వచ్చాక ప్రమాదం తగ్గిందా? తొలి డైమ్లర్ ఇంజిన్లలో చిన్న గొట్టాన్ని బయటి మంటతో ఎర్రగా కాల్చి సిలిండర్‌లో నిప్పు పుట్టించేవారు. రోడ్డు మీద బండికైతే సరే. కానీ 1897 జూన్‌లో బెర్లిన్ టెంపెల్‌హోఫ్‌లో అలాంటి ఇంజినే పెట్టుకున్న వోల్ఫర్ట్ ఎయిర్‌షిప్ గాల్లోనే అంటుకుంది. అతనితోపాటు మెకానిక్ క్నాబే కూడా పోయాడు. ఈ రెండో పేరు చాలామంది రాయరు. తర్వాత విద్యుత్ నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో వచ్చి, మంట అవసరం తప్పింది.

1900లో జెప్పెలిన్ మొదటి గాలి ఓడ పొడవు 128 మీటర్లు. దానికి దక్కింది 15 హార్స్‌పవర్‌కు అటూ ఇటూగా ఉన్న రెండు డైమ్లర్ ఇంజిన్లు. ఏనుగును మేకపిల్లలు లాగినట్టే. 1908లో ఎఖ్టర్‌డింగెన్ దగ్గర ఇంజిన్ మొరాయించి నాలుగో ఓడ దిగితే, ఈదురుగాలి దాన్ని పెరికేసింది, కాలి బూడిదైంది. ఆ మరుసటి ఏడాదే మేబాక్ తండ్రీకొడుకులు ఎయిర్‌షిప్ ఇంజిన్లకే ప్రత్యేకంగా కంపెనీ పెట్టారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడలు పైపైకి పోతుంటే గాలి పలచబడి ఇంజిన్లు నీరసించాయి. కార్ల్ మేబాక్ ఏం చేశాడంటే, కంప్రెషన్ పెంచి, పైనున్న పలచని గాలికే సరిపోయేలా ఇంజిన్ తయారుచేశాడు. నేల మీద దాని థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజినే దెబ్బతింటుంది. పని చేయాల్సిన చోటును చూసి యంత్రాన్ని కొలవడమంటే అదీ.

ఇంకో చిక్కుంది. పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ఓడ తేలికవుతుంది, పైకి లేస్తుంది. దించాలంటే విలువైన హైడ్రోజన్ వదిలేయాలి. 1928 నాటి గ్రాఫ్ జెప్పెలిన్‌లో ఇంచుమించు గాలంత బరువే ఉన్న బ్లావ్ గ్యాస్‌ను 5 మేబాక్ ఇంజిన్లకు ఇంధనంగా వాడారు. అది కాలినా ఓడ బరువు పెద్దగా మారదు. నన్నడిగితే, ఇంజిన్ల కన్నా ముందు ఆ ఇంధనాన్ని ఎంచుకున్న బుర్రకే మార్కులు వేస్తాను.