సరుకు అయిపోకముందే

దుకాణంలో సరుకు అయిపోయిందని చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఖాళీ అరే చెబుతుంది. కష్టమైన పని అంతకు ముందుది. అరలో ఇంకా వందల ప్యాకెట్లు కనిపిస్తుండగానే ‘ఇక తెప్పించాలి’ అని గుర్తించాలి. రోజూ వేల రకాల సరుకుల మీద ఆ పని చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకదాన్ని వరసవరసా చదివాను. ఈఆర్‌పీనెక్స్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో, సరుకు ఒక మట్టానికి దిగగానే తనంతట తానే ఇండెంట్, అంటే సరుకు కావాలన్న అభ్యర్థన, రాసే భాగం అది. ఎంత నిల్వ ఉంచాలో చెప్పే సూత్రం ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. ఇండెంట్ రాసే ముందు ఏమేం లెక్కలోకి తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో తెలియడం మాత్రం పనితనం. ఈ ప్రోగ్రామ్ రాసినవాళ్లకు అది తెలుసు.

ఈఆర్‌పీనెక్స్ట్‌ను తయారుచేసింది ముంబైలోని ఫ్రాపే సంస్థ. దాన్ని మొదలుపెట్టిన రుషభ్ మెహతా కుటుంబానిది ఫర్నిచర్ వ్యాపారం. సరుకు, గోడౌన్, బిల్లు అనేవి ఆ ఇంట్లో రోజూ ఉండే మాటలే. బహుశా అందుకే ఇందులో వ్యాపారం చేసిన చేతుల ఆనవాలు కనిపిస్తుంది.

మన ఊళ్లలో వ్యాపారులకు ట్యాలీ ఎక్కువ పరిచయం. అందులో రీఆర్డర్ స్టేటస్ అనే రిపోర్టు ఉంది. ఉన్న స్టాక్, రావాల్సిన పర్చేజ్ ఆర్డర్లు, ఇవ్వాల్సిన సేల్స్ ఆర్డర్లు, చివరికి నికరంగా మిగిలేది, ఎంత తక్కువ పడింది, ఎంత ఆర్డర్ పెట్టాలి, అన్నీ ఒకే వరసలో చూపిస్తుంది. చక్కటి రిపోర్టు. అయితే దాన్ని ఎవరో ఒకరు తెరిచి చూడాలి. సంక్రాంతి రద్దీలో, పెళ్లిళ్ల ముహూర్తాల్లో, అంటే చూడాల్సిన అవసరం మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లోనే, దాన్ని తెరిచే తీరిక ఎవరికీ ఉండదు. ఆటోమేటిక్ నియమం విలువ అక్కడ తెలుస్తుంది.

ముందు అంకె సంగతి. ఒక సూపర్ మార్కెట్‌లో సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్లు రోజుకు సగటున 40 అమ్ముడవుతాయనుకుందాం. ఆర్డర్ పెట్టాక డిస్ట్రిబ్యూటర్ బండి రావడానికి 5 రోజులు పడుతుంది. ఆ 5 రోజులకు 200 ప్యాకెట్లు చాలా? సగటు మీద నమ్మకం పెట్టుకుంటే చాలు. కానీ సగటు అంటేనే సగం సార్లు అటు, సగం సార్లు ఇటు. 200 దగ్గర ఆర్డర్ పెట్టేవాడికి ఇంచుమించు రెండుసార్లకోసారి సరుకు ముందే అయిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి పక్కన పెట్టేదే సేఫ్టీ స్టాక్.

రోజువారీ అమ్మకంలో హెచ్చుతగ్గు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 12 ప్యాకెట్లు అనుకుందాం. 5 రోజులకు అది 12ను 5తో గుణించినంత పెరగదు. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ పోయి కొంత సర్దుకుంటుంది కాబట్టి 5 వర్గమూలంతో గుణిస్తే చాలు, సుమారు 27 వస్తుంది. నూరుసార్లు ఆర్డర్ పెడితే 95 సార్లు సరుకు తెగకుండా ఉండాలంటే దాన్ని 1.65తో హెచ్చించాలి. ఇంచుమించు 45 ప్యాకెట్లు. 99 సార్లు కావాలంటే 2.33తో, అంటే 63. నాలుగు శాతం భరోసాకు పద్దెనిమిది ప్యాకెట్ల ఖర్చు. ఎక్కడ ఆగాలన్నది యజమాని తన పెట్టుబడిని చూసుకుని తేల్చుకోవాలి.

ఇంతవరకూ బండి సరిగ్గా అయిదో రోజుకే వస్తుందనుకున్నాం. అది ఒక్కోసారి మూడో రోజుకు, ఒక్కోసారి ఏడో రోజుకు వస్తుంటే? రాకలో రెండు రోజుల స్టాండర్డ్ డీవియేషన్ చేర్చి అదే 95 సార్ల భరోసాకు లెక్క కట్టండి. 45 ప్యాకెట్లు కాస్తా 140 అవుతాయి. నాకు ఈ లెక్కలో అన్నిటికన్నా నచ్చే చోటు ఇది. కొనేవాళ్ల చంచలత్వం గురించి వ్యాపారులు ఎప్పుడూ మాట్లాడుకుంటారు. ఈ ఉదాహరణలో మాత్రం గోడౌన్ నిండడానికి అసలు కారణం కొనేవాళ్లు కారు, సరఫరాలో అనిశ్చితి. డిస్ట్రిబ్యూటర్‌తో మాట్లాడి బండి వచ్చే రోజును ఖాయం చేసుకుంటే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తొంభై అయిదు ప్యాకెట్ల డబ్బు చేతిలో మిగులుతుంది.

అయితే ఈ లెక్కకూ ఒక హద్దు ఉంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టాక ఆ దేశపు నల్లసముద్ర రేవులు మూతపడ్డాయి. మన దేశం దిగుమతి చేసుకునే సన్‌ఫ్లవర్ నూనెలో సింహభాగం ఉక్రెయిన్ నుంచే వచ్చేది. అలాంటి దెబ్బకు ఏ సూత్రమూ నిలవదు. సేఫ్టీ స్టాక్ మామూలు ఒడిదుడుకులకు కాపు, యుద్ధానికి కాదు. ఆ తేడా తెలిసినవాళ్లే నియమాన్ని నిబ్బరంగా వాడుకోగలరు. తెలియనివాళ్లు ఒక్క కరువు చూసి మట్టాన్ని రెట్టింపు చేసి, ఏళ్లతరబడి ఆ భారం మోస్తారు.

ఇప్పుడు ప్రోగ్రామ్ దగ్గరికి వద్దాం. మన ప్యాకెట్ల రీఆర్డర్ లెవెల్, అంటే ఇండెంట్ రాయాల్సిన మట్టం, 340. 200కు 140 కలిపాం. ప్రోగ్రామ్ రోజుకోసారి నడుస్తుంది. అనుభవం లేనివాడు రాస్తే గోడౌన్‌లో ఉన్న సరుకును 340తో పోల్చి ఊరుకుంటాడు. ఇక్కడ అలా చేయలేదు. ఉన్న సరుకుకు, ఆర్డర్ పెట్టి ఇంకా రానిది కలుపుతుంది. ఇండెంట్ రాసి ఇంకా ఆర్డర్ దాకా వెళ్లనిదీ కలుపుతుంది. కస్టమర్ల ఆర్డర్లకు కేటాయించింది తీసేస్తుంది. అలా తేలిన అంకెనే మట్టంతో పోలుస్తుంది. అరలో 400 ప్యాకెట్లు కళ్లెదుట ఉన్నా, అందులో 150 ఒక కేటరింగ్‌వాళ్లు పెళ్లికి బుక్ చేసుకుని ఉంటే, లెక్కకు ఉన్నది 250 మాత్రమే. ఇండెంట్ వెళ్తుంది. అరలో 280 మాత్రమే ఉండి దారిలో 100 వస్తుంటే, వెళ్లదు.

ఇండెంట్‌లో ఉన్నదాన్ని కూడా కలపడంలోని తెలివి ఒక్క క్షణం ఆగి చూడదగ్గది. అది కలపకపోతే ఈరోజు రాసిన ఇండెంట్ కొనుగోలు విభాగంలో రెండు రోజులు ఆగినప్పుడు, రేపు మరొకటి, ఎల్లుండి ఇంకొకటి పుడతాయి. మూడు బండ్ల నూనె దిగాక గాని సంగతి తెలియదు. తాను నిన్న అడిగింది తనకే గుర్తుండేలా చేయడం వల్ల ఈ ప్రోగ్రామ్ రోజూ నడిచినా ఒకే లోటుకు రెండుసార్లు అడగదు.

ఇంకొక చిన్న మలుపు. ఆర్డర్ పెట్టే పరిమాణం మామూలుగా 200 అని మనం ముందే రాసి పెడతాం. పండగ తాకిడికి లెక్క 60కి పడిపోయిందనుకోండి. లోటు 280. మనం రాసిన 200 పంపితే మట్టం కూడా నిండదు. అప్పుడు ప్రోగ్రామ్ మనం రాసిన అంకెను పక్కనపెట్టి లోటు ఎంతో అంతే, 280 అడుగుతుంది. లోటు చిన్నదైతే మన అంకెకే కట్టుబడుతుంది. రెండు వరసల్లో అయిపోయే షరతు ఇది. అయితే అది మట్టం వరకే నింపి ఆగుతుంది కాబట్టి, మర్నాటి అమ్మకంతోనే లెక్క మళ్లీ కిందికి దిగి ఇంకో ఇండెంట్ వస్తుంది. నేనైతే లోటుకు మామూలు పరిమాణాన్నీ కలిపి అడిగేలా రాసేవాణ్ని. కానీ గిరాకీ ఎగసిన రోజున ఎక్కువ తెప్పించి ఇరుక్కోవడం కంటే కాస్త తక్కువ అడగడమే మేలనుకున్న జాగ్రత్త అందులో ఉంది. దాన్ని గౌరవిస్తాను.

అమ్మేది ప్యాకెట్లలో, కొనేది కేసుల్లో. చాలా చోట్ల లెక్క తప్పేది ఇక్కడే. కేసుకు 10 ప్యాకెట్లనుకుంటే, 95 ప్యాకెట్ల అవసరానికి తొమ్మిదిన్నర కేసులు అడగలేం. కొనే కొలత ఏదో సరుకు వివరాల్లో చెప్పి, అది పూర్ణసంఖ్యలోనే ఉండాలని గుర్తు పెడితే, ప్రోగ్రామ్ పైకి సవరించి 10 కేసులని రాస్తుంది. కంపెనీ ఆపేసిన సరుకు వివరాల్లో ముగింపు తేదీ వేస్తే, ఆ తేదీ దాటాక దాన్ని అసలు ముట్టుకోదు. ఒక ఇండెంట్ రాయడంలో ఏదైనా తప్పు ఎదురైతే మిగతావాటిని ఆపదు. పని పూర్తిచేసి, తప్పిన వాటి సంగతి సిస్టమ్ మేనేజర్‌కు మెయిల్‌లో రాస్తుంది.

ఒకటి కంటే ఎక్కువ గోడౌన్లున్నవాళ్ల కోసం చేసిన ఏర్పాటు మరీ ముచ్చటైనది. సరుకు ఎక్కడికి కావాలో ఒక గడిలో, ఉందో లేదో ఏ గోడౌన్ల గుంపులో చూడాలో మరో గడిలో చెప్పవచ్చు. ఇండెంట్ కొనడానికా, మన దగ్గరే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడానికా అన్నది మూడో గడి. పెద్ద గోడౌన్‌లో సరుకు మూలుగుతుండగా కౌంటర్ దగ్గరి అర కోసం బయట కొనే పొరపాటు ఈ మూడు గడులతో తప్పుతుంది.

ఇంత చేసీ ఈ ప్రోగ్రామ్ డబ్బు ఖర్చుపెట్టదు. ఇండెంట్ రాసి, మనం కోరితే కొనుగోలు చూసేవాళ్లకు కబురు పంపి ఆగుతుంది. ధర చూసి ఆర్డర్ పెట్టాల్సింది మనిషి.

అంకె విషయంలోనూ అదే పద్ధతి. సరుకు వివరాల్లో సేఫ్టీ స్టాక్ అని ఒక గడి, లీడ్ టైమ్ (ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి పట్టే రోజులు) అని ఒక గడి ఉంటాయి. మనం తేదీలు ఇస్తే ఒక రిపోర్టు ఆ కాలంలో రోజుకు సగటున ఎంత పోయిందో లెక్కగట్టి, లీడ్ టైమ్‌తో హెచ్చించి, సేఫ్టీ స్టాక్ కలిపి, ఇంత రీఆర్డర్ లెవెల్ పెట్టుకోమని సూచిస్తుంది. దాన్ని తీసుకెళ్లి నియమంలో రాయాల్సింది మనమే. సేఫ్టీ స్టాక్ గడిలో అంకె మార్చినంత మాత్రాన నియమం మారదు. ఇది తెలియక గడి నింపి నిశ్చింతగా ఉంటే ఇబ్బందే. అయినా సూచనకూ ఆజ్ఞకూ మధ్య ఈ ఎడం ఉండాల్సిందేనని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ సగటు మోసం చేయగలదు. నెలలో పది రోజులు సరుకే లేకపోతే ఆ పది రోజుల అమ్మకం సున్నా. రిపోర్టు మొత్తాన్ని ముప్ఫై రోజులతో భాగిస్తుంది కాబట్టి సగటు పడిపోతుంది. దాన్ని నమ్మి మట్టం తగ్గిస్తే వచ్చే నెల పదిహేను రోజులు సరుకుండదు. అడిగి, లేదంటే వెళ్లిపోయిన కస్టమర్లు ఏ బిల్లులోనూ కనిపించరు. వాళ్లను గుర్తుపెట్టుకునేది కౌంటర్ దగ్గరున్న మనిషి మాత్రమే.

మన ఆవకాయ రోజులే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో నువ్వుల నూనె, ఆవపిండి, కారం గిరాకీ ఒక్కసారిగా లేస్తుంది. చలికాలపు అమ్మకాల సగటు ఆ గిరాకీ ముందు ఎందుకూ పనికిరాదు. నియమంలో రుతువులకు గడి లేదు. కానీ రిపోర్టుకు తేదీలు మనమే ఇస్తాం కదా. కిందటేడు ఏప్రిల్ ఒకటి నుంచి మే ఆఖరు దాకా ఇచ్చి, వచ్చిన అంకెను ఈ ఏడు మార్చిలో నియమంలో రాసి, జూన్‌లో దించేస్తే సరిపోతుంది. పాలు, పెరుగు ప్యాకెట్లకు మాత్రం ఈ పద్ధతి వద్దు. సాయంత్రానికి మిగిలిన పెరుగు మర్నాటికి భరోసా కాదు, నష్టం.

ఎంత మంచి నియమమైనా కంప్యూటర్‌లో ఉన్న అంకెకూ అరలో ఉన్న సరుకుకూ పొత్తు కుదిరినప్పుడే పనిచేస్తుంది. నికోల్ డెహొరేషియస్, అనంత్ రామన్ అనే పరిశోధకులు ఒక అమెరికన్ రిటైల్ సంస్థకు చెందిన 37 దుకాణాల్లో దాదాపు 3,70,000 స్టాక్ రికార్డులు పరిశీలించి, తేలిన ఫలితాలను 2008లో ప్రచురించారు. వాటిలో 65 శాతం రికార్డుల్లో తప్పులున్నాయి. పగిలిన సీసా, దొంగతనం, ఒక రకానికి బదులు ఇంకో రకం బార్‌కోడ్ స్కాన్ చేయడం, వాపసు వచ్చింది నమోదు చేయకపోవడం, ఇలా అంకె తప్పడానికి దారులు చాలా ఉన్నాయి. కంప్యూటర్‌లో 400 ఉండి అరలో 40 ఉంటే నియమం నోరు మెదపదు. దాని తప్పు లేదు, దానికి తెలిసింది అంతే.

కాబట్టి మీ దుకాణంలో ఇలాంటి నియమం పెట్టుకోదలిస్తే అన్ని సరుకులకూ ఒకేసారి పెట్టకండి. బాగా కదిలే ఇరవై సరుకులు ఎంచుకోండి. వాటిని చేత్తో లెక్కపెట్టి కంప్యూటర్ అంకె సరిచేయండి. కిందటి ఆరు నెలల పర్చేజ్ బిల్లులు తీసి, ఆర్డర్ పెట్టిన తేదీ, సరుకు దిగిన తేదీ పక్కపక్కన రాసి చూడండి. డిస్ట్రిబ్యూటర్ చెప్పే లీడ్ టైమ్ కాకుండా మీ బిల్లులు చెప్పే లీడ్ టైమ్ వాడండి. స్టాక్ సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ ఇండెంట్‌కు టిక్ పెట్టడం ఆ తర్వాతి పని. ప్రోగ్రామింగ్ చదువుకుంటున్న పిల్లలు ఇంట్లో ఉంటే, ఈ భాగాన్ని వాళ్లచేత తప్పక చదివించండి. పైథాన్‌లో రాసిన ఈ కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది.