వెండి వలయమా!

వెండి వలయమా, కారు అల్లాయ్ చక్రమా, వేగానికి పాదమా, విశాఖ తీరపు ఉప్పుగాలి నిన్నెంత తీరిగ్గా తిన్నది! ఎండల్లో వేగి, వానల్లో నాని, ఫుట్‌పాత్ అంచులను ఒరుసుకుని ఒరుసుకుని నీ అంచంతా రంపపు పళ్లయింది. బ్రేకుల నుంచి రాలిన ఇనుపపొడి రేకల సందుల్లో గూడుకట్టింది. ఎక్కడో ఓ కంకరరాయి తగిలి పైపూత చిట్లింది. ఆ చిట్లులోంచి తేమ దూరింది, తేమ వెంట ఉప్పు దూరింది, ఉప్పు వెంట తెల్లతెల్లని దారాలు పూత అడుగున పాకుతూ పోయాయి. పాడైపోయిందని అందరూ పెదవి విరుస్తారు. ఆ దారాల అల్లికలోనూ నాకో సొగసు కనిపిస్తుంది, ఏం చేయను!

నీ వంశమెంత గొప్పది! నీ చుట్టాలు తూర్పు కనుమల కొండకొప్పుల్లో ఎర్రని బాక్సైటై పడుకున్నారు. దమన్‌జోడి కర్మాగారంలో తెల్లని అల్యూమినా పిండిగా మారి, రైలెక్కి, ఈ విశాఖ రేవులోనే ఓడెక్కుతారు. ఒట్టి అల్యూమినియంగా 660 డిగ్రీల దగ్గర కరిగే కోమలివి. ఏడు పాళ్ల సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిస్తే బండి బరువు మోసే బలశాలివి. 1924లో లియోన్ కారు పందెంలో బుగాటి టైప్ 35 బండి కింద ఎనిమిది చదునైన రేకలు విప్పుకుని తిరిగిన ఆ పూర్వీకురాలిని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు పులకరిస్తుంది.

రా, టైరు విప్పనీ. తూకం కోసం అంచుకు అంటించిన సీసపు తునకలు ఊడదీయనీ. పెయింటు రిమూవర్ పూయగానే పాత రంగు ముడతలు ముడతలుగా లేచి, పొరలు పొరలుగా ఊడివస్తుంది. కాస్టిక్ సోడాను మాత్రం నీ ఛాయలకు రానివ్వను. అది మురికితో పాటు నిన్నూ మింగుతుంది.

ఆ పైన వాటర్ పేపరు, నీళ్లు, చేతులు. 80 నంబరు గరగరమంటుంది, 180 బరబరమంటుంది, 320 సరసరమంటుంది, 600 గుసగుసలాడుతుంది, 2000 దగ్గరికి వచ్చేసరికి చప్పుడే ఉండదు. నిన్ను బాగుచేయడమంటే నిన్ను మళ్లీ మళ్లీ గీరడమే! పెద్ద గాయాన్ని చిన్న గాయం చెరుపుతుంది, చిన్నదాన్ని మరీ చిన్నది చెరుపుతుంది. ఒక పేపరు నిలువుగా నడిస్తే తరువాతిది అడ్డంగా నడవాలి, పాత గీత దొంగలా దాక్కోకుండా. బూడిదరంగు నీరు మణికట్టు దాటి మోచేతిదాకా కారుతుంది, గోళ్ల సందులు నల్లబడతాయి. పండగ ముందు అమ్మ సత్తు గిన్నెలు తోమినప్పటి తన్మయత్వమే ఇదీ. గీరిన చోటల్లా గాలి తాకగానే నానోమీటర్ల మందాన కొత్త చర్మం కప్పుకుంటావు. నిన్ను నగ్నంగా చూసినవాడు లేడు!

బఫింగ్ చక్రం హోరెత్తుతుంది. కాంపౌండ్ రాసిన గుడ్డ నీ మీద తిరుగుతుంటే ముందు నల్లబారతావు, మసకబారతావు, నన్ను భయపెడతావు. ఆ నలుపును మెత్తని బట్టతో ఒక్కసారి తుడవగానే, అదిగో, పైకప్పు మీది ట్యూబ్‌లైటు నీలో వంపుతిరిగింది! ఫ్యాను నీలో తిరిగింది! లేత్ మిషను మీద చెక్కిన సన్నగీతల ఇంద్రధనుస్సునూ కాదనను, కానీ చేతి అరగదీతలోని ఆ లోతు, ఆ నీటినునుపు దానికి రాదు. క్రోమ్ రంగు స్ప్రే కొట్టి మెరిపించేవాళ్ల సంగతి ఎత్తకు, కోపం వస్తుంది.

ఒక్క మాట, ప్రియమైనదానా. నీ రేక మొదట్లో వెంట్రుకవాసి బీట కనిపించినా నేనీ సింగారమంతా ఆపేస్తాను. వెల్డింగ్‌తో అతికిద్దామంటే ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. అంత అందం కింద అంత అపాయం దాచలేను.

బీట లేదు. గీత లేదు. గాజులాంటి కొత్త క్లియర్ కోట్ ఆరింది, టైరు ఎక్కింది, గాలి నిండింది, తూకం కుదిరింది. నట్లను పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగిస్తాను. కొన్ని పదుల కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ బిగువు చూస్తాను. పద, తల్లీ, భీమిలి రోడ్డెక్కు! గిర్రున తిరుగు, రేకలన్నీ కరిగి ఒకే వెలుగుపళ్లెమైపో! సిగ్నల్ దగ్గర పక్క బండివాడు అద్దం దించి వంగి వంగి నిన్నే చూస్తాడు. చూడనీ!